సీ డ్రైవ్ నిండిపోతోందా? ప్రీమియర్ క్యాష్ చూడండి

సీ డ్రైవ్ ఎందుకు నిండిపోతోందని మీరు అడిగారు. కారణం చాలావరకు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో మీడియా క్యాష్, అంటే వేగంగా పనిచేయడానికి అది తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లు. కావలిలో తీసిన పెళ్లి వీడియోలన్నీ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయని, రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా సీ డ్రైవ్ ఎర్రగానే ఉందని రాశారు. ఫుటేజీ ఎక్కడున్నా, మీరు మార్చనంతవరకు క్యాష్ సీ డ్రైవ్‌లోనే చేరుతుంది. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఆపకుండా తీసిన క్లిప్పులైతే సీఎఫ్ఏ, పీఈకే అనే ఆడియో క్యాష్ ఫైళ్లు గుట్టలుగా పేరుకుంటాయి.

1. ప్రాజెక్టు సేవ్ చేసి ప్రీమియర్‌ను పూర్తిగా మూసేయండి.

2. మళ్లీ తెరవండి. కానీ ఏ ప్రాజెక్టునూ తెరవకండి. అందరూ తప్పేది ఇక్కడే. ప్రాజెక్టు తెరిచి ఉంటే వాడుకలో లేని క్యాష్‌ను మాత్రమే తీయనిస్తుంది. మొత్తం తీసే ఎంపిక చేతికందదు. ఎన్నిసార్లు డిలీట్ నొక్కినా స్థలం పెరగలేదని విసుక్కునేది ఇందుకే.

3. ఎడిట్, ప్రిఫరెన్సెస్, మీడియా క్యాష్. అక్కడ డిలీట్ నొక్కి, మొత్తం తీసే ఎంపికతో ఓకే చేయండి.

4. అదే పేజీలో బ్రౌజ్ నొక్కి క్యాష్ చోటును డీ డ్రైవ్‌కు మార్చండి.

అసలు ఫుటేజీకి ఏమీ కాదు. పాత ప్రాజెక్టు తెరిస్తే క్యాష్ మళ్లీ తయారవుతుంది, మొదటిసారి ఆలస్యం తప్పదు. రేపు పొద్దునే కస్టమర్‌కు వీడియో ఇవ్వాల్సి ఉంటే, అది ఇచ్చాకే ఈ పని పెట్టుకోండి.