కొబ్బరి తోట అమ్మి డేటా సైన్స్ నేర్పించాలా?

ప్రశ్న: అంబాజీపేట దగ్గర మాకు ఎకరం కొబ్బరి తోట ఉంది. మా అమ్మాయి ఈ మే నెలలో బీఎస్సీ గణితం పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఏడాది డేటా సైన్స్ శిక్షణకు, హాస్టలుకు కలిపి 6 లక్షలు అవుతుందట. అర ఎకరం అమ్మమంటారా, రెండు రూపాయల వడ్డీకి తెమ్మంటారా? ఇంజినీరింగ్ చదవని పిల్లకు ఇంకేం దారులున్నాయి?

జవాబు: రెండూ వద్దండి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 6 లక్షల మీద నెలకు 12,000. రెండు నెలలకో దింపు (కాయల కోత) అనుకుంటే, ప్రతి దింపు డబ్బులోంచి 24,000 వడ్డీకే తీసి పక్కన పెట్టాలి. అసలు అలాగే ఉంటుంది. అర ఎకరం అమ్మితే వడ్డీ బాధ తప్పుతుంది, కానీ ఆ చెట్ల మీద ఆదాయం ఇక మీది కాదు. ఇంత చేసినా, ఉద్యోగం ఇప్పిస్తామని ఆ శిక్షణ సంస్థ కాగితం మీద రాసిస్తుందేమో అడిగి చూడండి.

మీరు పంపిన మార్కుల జాబితా చూశాను. లీనియర్ ఆల్జీబ్రాలో 91, రియల్ ఎనాలిసిస్‌లో 88. చాలా సంతోషం వేసింది. డేటా సైన్స్‌కు పునాది ఆ లీనియర్ ఆల్జీబ్రానే. ఆమె ఇంకా నేర్చుకోవలసింది స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. వాటి పాఠాలు ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే రుసుము.

నేనైతే ఈ ఏడాది ఆమెను ఇంట్లోనే ఉంచి ఐఐటీ జామ్‌కు, అంటే ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు చదివిస్తాను. పరీక్ష ఫిబ్రవరిలో. ర్యాంకు వస్తే ఐఐటీలో ఎమ్మెస్సీ. దానితోపాటు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షా రాయించండి. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైఫండ్ ఇస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1941లో చేరింది ఆ సంస్థలోనే.

సీటు వచ్చాక డబ్బు కావలసివస్తే ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం ఉంది. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో చేరినవారికి పొలం తాకట్టు, హామీదారు లేకుండా బ్యాంకు రుణమిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు రుణానికి చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. హైదరాబాద్ శిక్షణ కేంద్రానికి ఈ పథకం వర్తించదు.

మన ప్రాంతంలో ఎవరూ పిల్లలకు చెప్పని దారి ఒకటుంది, యాక్చువరీ. కొబ్బరి చెట్టుకు బీమా ఉందని మీకు తెలిసే ఉంటుంది. 15 ఏళ్ల వరకు చెట్టుకు ఒక ప్రీమియం, 16వ ఏడు నుంచి మరొకటి. ఏ వయసు చెట్టు ఎంతవరకు నిలుస్తుంది, వంద చెట్లలో ఎన్ని పోతాయి, దానికి ఎంత వసూలు చేయాలి? మనుషుల ప్రాణాల మీదా ఇదే లెక్క వేసేవారు యాక్చువరీలు. నవీ ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా నిర్వహించే ఏసెట్ పరీక్షతో ఇందులోకి ప్రవేశం. ఆ తర్వాత పేపర్లు ఒక్కొక్కటిగా, ఉద్యోగం చేసుకుంటూ రాయవచ్చు. అన్నీ పూర్తికావడానికి ఏళ్లు పడుతుంది, చాలామంది మధ్యలో ఆగిపోతారు. ఓపిక ఉన్న పిల్లకే ఇది. కానీ కొన్ని పేపర్లు పాసైతే బీమా కంపెనీల్లో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టవచ్చు, ఆపైన జీతం పేపర్లతోపాటు పెరుగుతుంది.

బీఈడీ చేసి టీచరు కావాలని ఆమెకే ఉంటే మంచిదే. అయితే 2018 డీఎస్సీ తర్వాత పెద్ద నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టుల ప్రకటనతో. అన్నేళ్లు ఒక్క నోటిఫికేషన్‌నే నమ్ముకుని ఎదురుచూడనివ్వకండి. బ్యాంకు పరీక్షలు కూడా రాయించండి.

ఇక ఖర్చు. దరఖాస్తులు, పుస్తకాలు, పరీక్షా కేంద్రానికి వెళ్లి పరీక్ష రాసిరావడం, అన్నీ కలిపి ఈ ఏడాదికి 40,000 పక్కన పెట్టండి. పోస్టాఫీసులో 70,000 ఉందని రాశారు, అందులోంచే సరిపోతుంది. శిక్షణ సంస్థకు అడ్వాన్సు ఇంకా కట్టలేదన్నారు. కట్టకండి.