వంటింటి సందేహాలు: సీసాలు తర్వాత, ముందు అన్నం సంగతి చూడండి

ప్రశ్న: అక్కా, నేను ఉద్యోగం చేసుకుంటూ రూమ్‌లో ఒక్కడినే ఉంటున్నా. వంట ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా, పప్పు, టమాటా కూర వచ్చేశాయి. ఎగ్ ఫ్రైడ్ రైస్ మాత్రం ఎప్పుడు చేసినా ముద్దైపోతోంది. వీడియోల్లో ఆయిస్టర్ సాస్, షెజ్వాన్, నువ్వుల నూనె అని ఏవేవో సీసాలు చూపిస్తున్నారు, అవి లేకపోవడం వల్లేనా? నా దగ్గరున్నది ఇండక్షన్ స్టవ్ ఒక్కటే.
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: తమ్ముడూ, ఆ సీసాల జోలికి ఇప్పుడే వెళ్లకు. ముద్దవడానికి కారణం సాసులు కాదు, అన్నం. అప్పుడే దించిన అన్నంలో తడి ఎక్కువ, గరిటె పెట్టగానే మెతుకు చితికిపోతుంది. అదే అన్నం ఓ రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే పైతడి ఆరిపోయి లోపలి పిండి గట్టిపడుతుంది, పొద్దున్నకి చేత్తో నలిపితే పొడిపొడిగా విడిపోతుంది. సోనా మసూరి చాలు, బాస్మతీ కొనక్కర్లేదు. రోజూ పోసే నీళ్లకంటే కొంచెం తగ్గించి వండు, పళ్లెంలో పరిచి ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్. రాత్రంతా గట్టు మీదే వదిలేసి పొద్దున్న వేయించుకుందాంలే అనుకోకు, బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఒకటుంది, బయట వదిలేసిన అన్నంలో పెరిగి విషం తయారుచేస్తుంది, ఆ విషం తర్వాత ఎంత వేయించినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. ఊళ్లో ఎప్పుడూ ఇలాగే చేసేవాళ్లం అని ఎవరైనా అన్నా వినకు.

ఇక వేడి. హోటల్ పొయ్యి మీద ఉండే మంట మన ఇళ్లల్లో గ్యాస్‌కే రాదు, ఇండక్షన్ సంగతి చెప్పక్కర్లేదు, అందుకే ఒక ప్లేటుకి సరిపడానే వెయ్యి. ఫ్రెండ్స్ వచ్చారు కదా అని నలుగురి అన్నం ఒకేసారి కుమ్మరిస్తే గిన్నె చల్లబడిపోయి అన్నం వేగదు, ఉడుకుతుంది. అడుగు చదునుగా ఉన్న ఇనుప కడాయి అయితే మంచిది. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా కాగనివ్వకు. క్యారెట్, బీన్స్, వెల్లుల్లి, ఉల్లికాడలు అన్నీ ముందే తరిగి పక్కన పెట్టుకో, ఒకసారి మొదలైతే తరగడానికి టైం ఉండదు. రెండు గుడ్లు గిలకొట్టి వేడి నూనెలో పోసి, ఇంకా మెత్తగా ఉండగానే తీసి పక్కన పెట్టు, మళ్లీ నూనె వేసి వెల్లుల్లి, కూరగాయలు, తర్వాత అన్నం వెయ్యి, అన్నం బాగా వేడెక్కాక ఓ చెంచా లైట్ సోయా సాస్ కడాయి అంచు వెంట పోసి కలుపు, గుడ్డు, మిరియాల పొడి, ఉల్లికాడలు వేసి దించెయ్.

కొనాల్సిన సీసా అదొక్కటే. అందులోనూ చూసి కొను, మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది డార్క్ సోయా, అది చిక్కగా ఉంటుంది, రంగు కోసం, అరచెంచా దాటితే అన్నం నల్లబడుతుంది. రుచికి వేసేది లైట్ సోయా, దాంట్లో ఉప్పు ఎక్కువ కాబట్టి విడిగా ఉప్పు వేసేముందు రుచి చూడు. చైనాలో ఇళ్లల్లో చేసుకునే గుడ్డన్నం చాలాసార్లు గుడ్డు, అన్నం, ఉల్లికాడలు, ఉప్పు, అంతే. నీకు కావాల్సింది బండి మీద రుచి అయితే పచ్చిమిర్చి, వెనిగర్, చిల్లీ సాస్ వేసుకో, కాకపోతే అది మన దేశంలో పుట్టిన చైనీస్. మన చికెన్ మంచూరియా కూడా అంతే, 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే ఆయన కనిపెట్టారని చెప్తారు.

ప్రశ్న: మేం శాకాహారులం. బ్యాంకాక్ టూర్‌లో వెజ్ పాడ్ థాయ్ అనే నూడుల్స్ వంటకం తిన్నాను, చాలా నచ్చింది. ఇంట్లో చేసుకోవచ్చా, సామాను ఎక్కడ దొరుకుతుంది?
– ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: సామాను సగం మీ వంటింట్లోనే ఉందండీ. చింతపండు, తాటిబెల్లం, పల్లీలు, ఎండుమిర్చి కారం, ఇవే దాని ప్రాణం. కొనాల్సింది చదునుగా ఉండే రైస్ నూడుల్స్, వాటిని ఉడకబెట్టకండి, మామూలు నీళ్లలో అరగంట పైన నానబెట్టి, వంగేలా ఉన్నా కొరికితే ఇంకా గట్టిగా ఉన్నప్పుడే వడకట్టండి, మిగతాది కడాయిలో ఉడుకుతుంది. ఇద్దరికైతే రెండు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు, రెండు చెంచాల బెల్లం తురుము, ఒకటిన్నర చెంచా లైట్ సోయా కరిగించి పోయండి. టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) లేకపోతే పనీర్, చివర్లో మొలకలు, దంచిన పల్లీలు, నిమ్మకాయ. అక్కడ ఉప్పదనానికి మామూలుగా చేపల సాస్ పోస్తారు, వెజ్ అని ఇచ్చిన ప్లేట్లోనూ కొన్నిచోట్ల పోస్తారు, ఇప్పుడు చెప్తే బాధపడతారేమో గానీ ఈసారి వెళ్తే ముందే అడగండి.

ప్రశ్న: నూడుల్స్‌లో అజినమోటో వేస్తే ప్రమాదం అంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆ భయానికి గట్టి ఆధారం లేదమ్మా. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థాన్ని వేరుచేశారు, మన టమాటాల్లో, పుట్టగొడుగుల్లో ఉన్నదీ అదే. ఆ గ్లుటమేట్‌కి సోడియం కలిపి చేసిందే అజినమోటో. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని సురక్షితమైన వాటి లిస్టులోనే పెట్టింది. కొద్దిమందికి ఎక్కువ తింటే తలనొప్పిలాంటివి వస్తాయంటారు, నీకలా అనిపిస్తే మానెయ్. వేస్తే చిటికెడు చాలు, ఉప్పు కాస్త తగ్గించు. దాంట్లో సోడియం 12 శాతం, ఉప్పులో 39 శాతం, కాబట్టి బీపీ ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఉప్పు డబ్బానీ, సోయా సీసానీ.