అకౌంట్ సంగతి తర్వాత, ముందు నాన్నతో మాట్లాడు

‘‘డిగ్రీ రెండో సంవత్సరం. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా. ఆ టెన్షన్ తగ్గుతుందని ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే రాత్రి ఒంటిగంట దాటిపోతోంది. కిందటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో చెప్పలేదు. భోజనాల దగ్గర నాన్న ‘క్లాసులెలా జరుగుతున్నాయమ్మా’ అంటే ‘బాగానే’ అంటున్నాను. అకౌంట్ తీసేయమంటారా?’’

తీసేయాలనిపిస్తే తీసెయ్. నాలుగు రోజుల్లో మళ్లీ తెరుస్తావు. నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ ‘బాగానే’ అన్న మాట.

క్లాసులు నాలుగింటికే అయిపోతే ఫోను ఒంటిగంట దాకా చేతిలో ఎందుకుంటోంది? కంచం ముందు ఆ మాట అనేసి, గదిలోకొచ్చి తలుపేసుకున్నాక పడుకుంటే ఆ రెండు సబ్జెక్టులే గుర్తొస్తాయి కాబట్టి. రీల్ తర్వాత రీల్ వస్తుంటే అవి గుర్తు రావు. ఫీజు కడుతున్న మనిషికి నిజం చెప్పకపోవడం తప్పే, ఇందులో నాకు మొహమాటం లేదు.

ఈ ఆదివారం దాటనివ్వకు. వాట్సాప్‌లో పెట్టకు, అమ్మచేత చెప్పించకు. ఏ సబ్జెక్టులు, ఎన్ని మార్కుల్లో పోయాయి, మళ్లీ రాయడానికి ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడు, రోజూ ఏ వేళ వాటికి కూర్చుంటావు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకో. భోజనాల దగ్గర వద్దు, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పు. మొదటి వాక్యంలోనే ‘రెండు సబ్జెక్టులు తప్పాను నాన్నా’ అనెయ్. ఆన్‌లైన్ క్లాసుల కష్టాలతో మొదలుపెడితే సాకులా వినిపిస్తుంది.

అలాగని ఆ కష్టం అబద్ధం కాదు. వీడియో కాల్స్ ఎందుకంత అలుపో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరంగా రాశారు. మొహాలు మరీ దగ్గరగా కనిపించడం, మన మొహం మనకే గంటలకొద్దీ కనబడటం, కదలకుండా కూర్చోవడం, ఎదుటివాళ్ల హావభావాలు పోల్చుకోవడానికి ఎక్కువ శ్రమపడాల్సి రావడం. జూమ్ అయితే నీ వీడియో మీది మూడు చుక్కలు నొక్కి ‘హైడ్ సెల్ఫ్ వ్యూ’ పెట్టుకో. మిగతావాళ్లకు కనిపిస్తూనే ఉంటావు, నీకు మాత్రం నీ మొహం కనబడదు.

క్లాసుకీ క్లాసుకీ మధ్య కూడా ఫోను తీస్తుంటే అదీ పొరపాటే. అదే వంగిన మెడ, అవే కళ్లు, అదే కుర్చీ. దాన్ని విశ్రాంతి అనుకోకు. పది నిమిషాలు లేచి నడువు, కిటికీలోంచి దూరంగా చూడు.

ఇన్‌స్టాగ్రామ్‌లో రోజువారీ పరిమితి పెట్టుకోవచ్చు, కానీ గడువు అయిందని వచ్చే హెచ్చరికను ఒక్క నొక్కుతో తోసెయ్యొచ్చు. అర్ధరాత్రి ఆ వేలు ఎటు పోతుందో నీకు తెలుసు. అందుకే పదిన్నరకల్లా చార్జర్‌తో సహా ఫోను హాల్లో పెట్టు. అలారానికి విడిగా గడియారం వాడుకో, లేకపోతే ఆ వంకతో ఫోను మళ్లీ మంచం మీదికొస్తుంది.

స్నేహితులను వదులుకోమనడం లేదు. ఆ సబ్జెక్టులే చదివే ఒకమ్మాయితో సాయంత్రం 45 నిమిషాలు కాల్ పెట్టుకుని, మైకులు ఆపేసి, ఎవరి పుస్తకం వాళ్లు చదవండి. ఆఖరి ఐదు నిమిషాలు కబుర్లకు.

నాన్నగారు అరిస్తే అరవనీ, మధ్యలో జవాబివ్వకు. అరిచాక ‘ఏ సబ్జెక్టులు’ అంటారు. అప్పుడు ఆ కాగితం చేతికివ్వు.