గుడి మీద రాసేటప్పుడు

తమ్ముడూ,

మీ ఊరి పాత విచారణ గుడి (ఒక ఫాదర్ కింద చుట్టుపక్కల కథోలికులందరికీ ఉండే చర్చి) మీద నువ్వు పంపిన వ్యాసం చదివిన. మొదటి పేరాలోనే ‘ప్రశాంతత’ మూడుసార్లు వచ్చింది. ఆ మాట ఏ గుడికైనా అతుకుతుంది. జనం లేని వేళ పోయి, ఫొటోలు తీసుకొని వచ్చినట్టున్నావు. ఆదివారం పూజకు అరగంట ముందే పోయి వెనక వరసలో కూర్చో.

ముందు మాటలు సరిచూసుకో. కథోలికులకు దివ్యపూజ, బలిపీఠం, మందసం (పూజలో పంచే అప్పం ఉంచే పెట్టె), ఫాదర్ లేదా గురువు, ఉపదేశి (మతబోధ చేసేవాడు). బాప్టిస్టులకు ఆరాధన, పాస్టరు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన), నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం. దేవరకొండ, పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాలు చాలా ఉన్నాయి, అవీ బాప్టిస్టుల లాగే ముంచి బాప్తిస్మం ఇచ్చే ప్రొటెస్టంట్ సంఘాలు. నువ్వు పాస్టరు చేత ‘పూజ’ చేయిస్తే అక్కడి పాఠకులు ఊరుకోరు.

బలిపీఠం దగ్గర ఎక్కువసేపు ఆగు. పాత గుడైతే గోడకు ఆనుకొని ఒక పీఠం, దాని ముందర విడిగా ఇంకొకటి ఉండవచ్చు. 1962–65లో కథోలిక బిషప్పులు రోములో కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ లాటిన్ నుంచి తెలుగులోకి వచ్చింది, గురువు జనం వైపు తిరిగి నిలబడడం మొదలైంది. ముందరి పీఠం అప్పటి మార్పుకు గుర్తు. ఆ రెండింటి ముందు నేలను కూడా చూడు. వెనకట జనం మోకరించి సత్ప్రసాదం (పూజలో పంచే అప్పం) తీసుకున్న కటాంజనం, అంటే పీఠం ముందరి అడ్డుకంచె, పీకేసి ఉంటే, షాబాదు బండల మీద సిమెంటుతో పూడ్చిన బెజ్జాలు వరసగా కనబడతాయి. గోడల మీద చిన్న సిలువలు నాలుగో పన్నెండో ఉంటే అవి అలంకారం అనుకోకు. గుడిని ప్రతిష్ఠించిన రోజు పీఠాధిపతి (బిషప్పు) తైలం పూసిన చోట్లవి.

ఆధ్యాత్మికత గురించి విశేషణాలు తగ్గించి, ఏడాది పొడుగునా ఏం మారుతుందో రాయి. తపస్సుకాలంలో (ఈస్టరు ముందరి ఉపవాస రోజుల్లో) గురువుకు ఊదా వస్త్రాలు, మట్టల ఆదివారం ఎరుపు, పాస్కాకు (ఈస్టరుకు) తెలుపు, పండగ కాలాలు కాని సామాన్య కాలమంతా ఆకుపచ్చ. అన్నిటికన్నా శుభ శుక్రవారం తప్పకుండా పో. మందసం తలుపు తెరిచే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు, ఏడాదంతా వెలిగే దీపం ఆరి ఉంటుంది, పీఠం మీద గుడ్డ కూడా ఉండదు. మర్నాడు రాత్రి పాస్కా జాగరణలో బయట నిప్పు రాజేసి పెద్ద కొవ్వొత్తి వెలిగిస్తారు. దాని మీద సిలువ, గ్రీకు మొదటి, చివరి అక్షరాలైన ఆల్ఫా, ఒమేగా, ఆ ఏటి నాలుగంకెలు, అయిదు సాంబ్రాణి గింజలు ఉంటాయి. ఈ రెండు రోజులూ చూడకుండా ‘భక్తి’ అన్న మాట ముట్టకు.

గోడ పెచ్చులూడడాన్ని ‘కాలం చేసిన గాయం’ అన్నావు. కాలం మీద ఊరికే నింద. డంగు సున్నపు (గానుగలో నూరిన సున్నపు) గోడ చెమ్మను పీల్చి మళ్లీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూసి ఆయిల్ పెయింట్ వేస్తే చెమ్మ లోపలే చిక్కుతుంది, ఉప్పు పేరుకుంటుంది, మోకాలెత్తు దాకా పూత ఉబ్బి రాలుతుంది. సున్నం మరమ్మతు సున్నంతోనే చెయ్యాలి. మేస్త్రీని ఒకసారి అడుగు.

తేదీల్లో జాగ్రత్త. పునాదిరాయి వేసిన రోజు, గుడి ప్రతిష్ఠ జరిగిన రోజు, ఊరు విచారణగా ఏర్పడిన రోజు వేరువేరు; నువ్వు మూడింటినీ ఒకటే చేసినవు. నిజాం నాటి భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది గనుక జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. చందాల పలక మీద రూపాయలుంటే అవి హాలీయా (నిజాం రూపాయలా), కల్దారా (బ్రిటిషు రూపాయలా) తేల్చుకో. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దార్లు. నల్లగొండ మేత్రాసనం (ఒక పీఠాధిపతి కిందుండే ప్రాంతం) ఏర్పడింది 1976లో. అంతకు ముందరి ఉత్తరాల కోసం హైదరాబాదు, వరంగల్ మేత్రాసనాల్లో కూడా అడగాలి.

జ్ఞానస్నాన (బాప్తిస్మం) రిజిస్టరు చూపించమని విచారణ గురువుకు ముందే చీటీ రాసి పంపు. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (బిడ్డ విశ్వాసానికి పూచీగా నిలబడేవాళ్లు) వరసగా ఉంటారు. పక్క ఖాళీలో తర్వాత జరిగిన పెళ్లి వివరం రాసి ఉంటుంది. ఊళ్ల పేర్లు, ఏడాదికెన్ని జ్ఞానస్నానాలో లెక్క రాసుకో. మనుషుల పేర్లు, కులం వ్యాసంలోకి తేకు, పేజీకి ఫొటో తియ్యకు.

నీ
అన్న