అమలాపురం నుంచి మలికిపురం మారడం గురించి
అన్నేళ్లు అమలాపురంలో ఉండి ఇప్పుడు మలికిపురం మారాలంటే మీ అమ్మగారు బెంగెట్టుకున్నారు, దేంతో మొదలెట్టాలో తెలీట్లేదు అని మీరు అన్నారు కదండీ. ముందు నీళ్లు చూస్కోండి, అటు సముద్రం దగ్గర కదా చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అడ్వాన్స్ ఇచ్చే ముందే బోరు కొట్టి ఓ గుక్క నోట్లో పోస్కుని చూడండి, గోదారి గట్టు పక్కిల్లయితే గోడ మీద పాత వరద చార ఎంత ఎత్తుందో కూడా చూడాలి. శ్రావణంలో ముహూర్తం అంటారు గానీ వరదలొచ్చేదీ జులై, ఆగస్టుల్లోనే, వీలైతే కార్తీకంలో కదలండి. అమ్మగార్ని ముందే ఓసారి తీస్కెళ్లి పక్కింటోళ్లతో మాట్లాడించండి, సగం బెంగ అక్కడే పోద్ది, పెరట్లో కరివేపాకు పిలక కూడా వేరుతో తెచ్చుకోమనండి. గ్యాస్‌కి పాత ఏజెన్సీలో సిలిండర్, రెగ్యులేటర్ అప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ వోచర్, అంటే కనెక్షన్ మార్చుకునే కాగితం, తీస్కోండి. ఓటు కొత్త అడ్రస్‌కి మార్చుకోడానికి ఫారం 8 పెట్టాలి, మలికిపురం రాజోలు నియోజకవర్గం కిందకొస్తది.