పెట్టె మీద 14 రోజులు, చేతికి 4 రోజులు

ఈ నెల కూడా అదే ఫిర్యాదు. పెట్టె మీద రెండు వారాలని రాసి ఉంది కదా అని జీపీఎస్ వాచీ కొన్నారు. వారం తిరక్కుండానే ఛార్జర్ వెతుక్కుంటున్నారు. వాచీలో లోపమా, వెనక్కి ఇచ్చేయాలా అని అడుగుతున్నారు. ఊళ్లు వేరైనా బాధ ఒకటే కాబట్టి అందరికీ పనికొచ్చే నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను. వాచీని ఫోన్‌కి ఎలా జత చేయాలి, బ్రైట్‌నెస్ ఎక్కడ తగ్గించాలి లాంటివి ఇక్కడ చెప్పను. మాన్యువల్‌లో బొమ్మలతో సహా ఉంటాయి.

*రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో గంటసేపు పరుగెత్తుతాను. వాచీ 14 రోజులు వస్తుందని, జీపీఎస్ వాడితే 20 గంటలని పెట్టె మీద ఉంది. నాకు నాలుగు రోజులే వస్తోంది. బ్యాటరీ పోయినట్టేనా? – బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం*

పోలేదు. మీరు ఆ రెండు అంకెల్నీ విడివిడిగా చదువుతున్నారు, రెండూ ఖర్చు పెట్టేది మాత్రం ఒకే బ్యాటరీని. 14 రోజులంటే రోజుకు 7 శాతం. 20 గంటలంటే జీపీఎస్ నడిచే ప్రతి గంటకూ 5 శాతం. గంట పరుగు కలిపితే రోజుకు 12 శాతం. అంటే ఎనిమిది రోజులు. పెట్టె మీది మాట నూటికి నూరుపాళ్లు నిజమనుకున్నా మీకు రావాల్సింది అంతే.

ఇక మీ సెట్టింగ్స్ చూద్దాం. స్క్రీన్ ఎప్పుడూ వెలిగే ఉండాలని పెట్టుకున్నానని రాశారు. మెరిసే అమోలెడ్ స్క్రీన్లున్న వాచీల్లో ఆ ఒక్క ఆప్షన్‌తోనే రోజులు సగానికి పడిపోతాయి. 7 శాతం కాస్తా 14 అయింది. జీపీఎస్‌ని మల్టీబ్యాండ్‌లో పెట్టారు. 20 గంటల లెక్క మామూలు జీపీఎస్‌ది. మల్టీబ్యాండ్‌లో వాచీ ఉపగ్రహాల నుంచి రెండు ఫ్రీక్వెన్సీలు వింటుంది, 1575.42 మెగాహెర్ట్జ్ ఒకటి, 1176.45 మెగాహెర్ట్జ్ ఇంకొకటి. రెట్టింపు వినికిడికి ఖర్చూ ఎక్కువే, గంటకు 7 శాతం అనుకోండి. మొత్తం రోజుకు 21. సున్నా దాకా ఎవరూ ఆగరు, 15, 20 శాతం దగ్గరే కంగారు మొదలవుతుంది. నాలుగో రోజుకి ఛార్జర్ తీయడంలో వింతేముంది?

మల్టీబ్యాండ్ పనికిరానిదని కాదు. హైటెక్ సిటీలో అద్దాల భవనాల మధ్య పరుగెత్తేవాళ్లకి సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది, మ్యాప్‌లో మీరు రోడ్డు వదిలేసి భవనాల్లోంచి పరుగెత్తినట్టు గీత పడుతుంది. అక్కడ రెండో ఫ్రీక్వెన్సీ ఆదుకుంటుంది. బీచ్ రోడ్డులో ఒక పక్కంతా సముద్రం, పైన ఖాళీ ఆకాశం. మామూలు జీపీఎస్ చాలు.

రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆప్షన్ కూడా ఆపేయండి. కోవిడ్ రోజుల్లో మొదలైన మోజు ఇది. నిద్రపోతున్నంతసేపూ ఎర్రని, కంటికి కనిపించని పరారుణ లైట్లు మీ మణికట్టులోకి వెలుగుతూనే ఉంటాయి. మీ పరుగుకి దానితో పని లేదు. గురక గురించి అనుమానముంటే అడగాల్సింది డాక్టర్ని.

ఒక విషయంలో మాత్రం మీ తప్పు లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక, మీరు ఆపేసిన ఆప్షన్లు మళ్లీ వాటంతటవే ఆన్ అయిన వాచీలు నేను చూశాను. ఇది సాంకేతిక లోపం కాదు, మర్యాద లోపం. యజమాని వద్దన్నదాన్ని అప్‌డేట్ పేరుతో ఆన్ చేసే హక్కు ఎవరిచ్చారు? ప్రతి అప్‌డేట్ తర్వాత ఒకసారి సెట్టింగ్స్ చూసుకోవడం అలవాటు చేసుకోండి. అప్‌డేట్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల ఖర్చుని మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

*వాచీ బ్యాటరీ త్వరగా అయిపోతోందని, ఒక వీడియోలో చెప్పిన ‘బ్యాటరీ సేవర్’ యాప్‌ని లింకు నుంచి దింపుకుని ఫోన్‌లో వేశాను. నోటిఫికేషన్లు చదవడానికి, యాక్సెసిబిలిటీకి అనుమతి అడిగితే ఇచ్చాను. తేడా ఏమీ లేదు. ఉంచనా, తీసేయనా? – డిగ్రీ విద్యార్థి, కరీంనగర్*

ముందు ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపండి. ఆ రెండు అనుమతులూ వెనక్కి తీసుకోండి. తర్వాత యాప్ తీసేయండి. అది పోనని మొరాయిస్తే ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో ఆన్ చేసి తీయండి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ ఇంట్లో వేరేవాళ్ల ఫోన్ నుంచి (యూపీఐకైతే మీ సిమ్ అందులో వేయాలి) గానీ బ్యాంకు ద్వారా గానీ మార్చండి, ఈ ఫోన్ నుంచి కాదు. ఖాతాలో ఒక్క రూపాయి తేడా కనిపించినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇవన్నీ అయ్యాక మిగతాది చదవండి.

నోటిఫికేషన్ అనుమతి అంటే, మీ ఫోన్‌లో పైన కనిపించే ప్రతి సందేశాన్నీ ఆ యాప్ చదవగలదు. అమ్మ పంపిన మెసేజీ, బ్యాంకు పంపిన ఓటీపీ దానికి ఒకటే. యాక్సెసిబిలిటీ ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివాళ్లకి సాయంగా పెట్టిన ఏర్పాటు అది. స్క్రీన్ మీద ఉన్నది చదివి, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఒకటి ఓటీపీ చూస్తుంది, ఇంకొకటి దాన్ని వాడుతుంది. రెండూ ఒకే యాప్‌కి ఇచ్చాక దొంగ మీ చేతిలోంచి ఫోన్ లాక్కోవాల్సిన అవసరమే లేదు. పైగా ఫోన్‌లో కూర్చున్న అలాంటి యాప్ వాచీ బ్యాటరీని ఆదా చేయలేదు. అక్కడే అనుమానం రావాల్సింది.

మీ ఒక్కరి మీదే కోపం తెచ్చుకుని లాభం లేదు. తక్కువ ధర వాచీల పెట్టెలు కొన్ని చూడండి. లోపల ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే ప్లే స్టోర్‌కి వెళ్లకుండా ఏదో వెబ్‌సైట్ నుంచి నేరుగా ఏపీకే ఫైలు, అంటే యాప్‌ని ఫోన్‌లో వేసే ఫైలు, దిగుతుంది. ఆన్ చేయగానే కాంటాక్టులు, కాల్ లాగ్, ఎస్సెమ్మెస్, లొకేషన్, నోటిఫికేషన్లు అన్నీ ఒకేసారి అడుగుతుంది. వద్దంటే వాచీలో టైమ్ కూడా సరిచేయదు. అడుగులు లెక్కపెట్టడానికి నా కాల్ లాగ్ ఎందుకయ్యా అని అడిగితే జవాబు చెప్పే నాథుడు ఉండడు. ఆండ్రాయిడ్ 15 నుంచి గూగుల్ ఒక మంచి పని చేసింది, నోటిఫికేషన్లు చదివే యాప్‌లకి ఓటీపీ కనిపించకుండా దాచేస్తోంది. కానీ జత చేసిన వాచీ తాలూకు యాప్‌కి అందులో మినహాయింపు ఉంది. వాచీ మీద నోటిఫికేషన్లు కనిపించాలంటే తప్పదు మరి. కాబట్టి ఆ యాప్ ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ప్లే స్టోర్‌లో లేని యాప్‌తో వచ్చే వాచీ ఎంత చవకగా దొరికినా కొనకండి.

మంచి కంపెనీ వాచీ ఉన్నవాళ్లూ బ్యాంకు, ఎస్సెమ్మెస్ నోటిఫికేషన్లు వాచీకి రాకుండా ఆపేయండి. మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడితే మీ ఓటీపీ పక్కవాళ్ల కళ్ల ముందే ఉంటుంది. పనిలో పనిగా ఫ్యామిలీ గ్రూపుల గుడ్ మార్నింగులు కూడా ఆపండి. ఒక్కో గులాబీ పువ్వుకీ వాచీ వణకాలి, స్క్రీన్ వెలగాలి. బ్యాటరీ మిగలాలంటే మీరు వెతకాల్సింది ఇక్కడ.

ఎలాగూ భద్రత మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చాలామంది ఇంటి గేటు దగ్గరే స్టార్ట్ నొక్కి, తిరిగొచ్చి అక్కడే ఆపుతారు, ఆ మ్యాప్‌ని అందరికీ కనిపించేలా వదిలేస్తారు. మీ ఇల్లెక్కడో, ఏ టైములో ఇంట్లో ఉండరో మీరే చెప్పినట్టు. పరుగులు, సైకిల్ సవారీలు నమోదు చేసే యాప్ స్ట్రావా 2017లో విడుదల చేసిన పరుగుల మ్యాప్‌లో సైనిక స్థావరాల దారులు కూడా వెలిగిపోయాయని 2018 జనవరిలో ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. సైనికులకే తప్పలేదు. మొదలు, చివర కొంత దూరం దాచే ఆప్షన్ ఇలాంటి యాప్‌లలో ఉంటుంది. ముఖ్యంగా తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు అది ఆన్ చేశాకే బయటికి అడుగు పెట్టండి.

*అలిపిరి నుంచి తిరుమలకి నడిచాం. 20 గంటలు వస్తుందన్న వాచీ మోకాళ్ల పర్వతం రాకముందే ఆగిపోయింది. దూరం కూడా తప్పుగా చూపించింది. – గృహిణి, నెల్లూరు*

బయల్దేరేటప్పుడు 35 శాతం ఉందని మీరే రాశారు. 20 గంటల్లో 35 శాతం ఏడు గంటలు. దారిపొడవునా వాచీ నుంచే బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో గోవింద నామాలు విన్నారు. జీపీఎస్, పాటలు కలిసి నడిస్తే ఆ ఏడు మూడో, అంతకంటే తక్కువో అవుతుంది. ఈసారి నామాలు ఫోన్‌లో వినండి, లేదా మీరే చదువుకోండి.

దూరం సంగతికొస్తే, ఆ మెట్లదారిలో చాలాభాగం పైకప్పు ఉంది. ఉపగ్రహం కనిపించకపోతే వాచీ ఊహిస్తుంది. కింద, కప్పులేని చోట నిలబడి సిగ్నల్ దొరికాకే స్టార్ట్ నొక్కండి. అంతకుముందు ఒకసారి ఫోన్‌తో సింక్ చేస్తే, ఏ ఉపగ్రహం ఎక్కడుంటుందో తెలిపే సమాచారం ముందే వాచీలోకి దిగుతుంది. లేకపోతే ప్రతి ఉపగ్రహం నుంచీ దాని వివరాలు వినడానికే అర నిమిషం పడుతుంది, మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ మొదటికి. ఎక్కిన ఎత్తుని మాత్రం నమ్మొచ్చు. గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ మీ వాచీలో ఉంటే దానికి ఆకాశంతో పని లేదు.

*రెండేళ్ల వాచీ. ఛార్జింగ్ పిన్నులు నల్లబడ్డాయి, సగంలో ఆగిపోతోంది. – వ్యాపారి, విజయవాడ*

చెమట. పరుగు నుంచి రాగానే తడి వాచీని ఛార్జర్ మీద పెడితే ఉప్పు, కరెంటు కలిసి పిన్నుల్ని తినేస్తాయి. దూదిపుల్లకి కాస్త స్పిరిట్ అద్ది తుడవండి, పూర్తిగా ఆరాక పెట్టండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేశానని కూడా రాశారు. బెజవాడ ఎండకి లిథియం బ్యాటరీ కోలుకోలేని దెబ్బ తింటుంది. నీడపట్టున ఉంచండి.

అయినా ఈ ఛార్జర్ల గోల ఎన్నాళ్లు? ఫోన్లు, టాబ్లెట్లు, ఇయర్‌బడ్స్‌కి యూఎస్‌బీ-సి తప్పనిసరి అని యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ జాబితాలో వాచీలు లేవు. చిన్న వస్తువు, నీళ్లలో తడవాలి, సాకెట్‌కి చోటు లేదంటారు. సరే, సాకెట్ వద్దు. కనీసం ఒక కంపెనీ తన వాచీలన్నింటికీ ఒకే కేబుల్ ఇవ్వొచ్చు కదా? కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పిన్నులు అటూ ఇటూ జరుపుతారు, పాత కేబుల్ డ్రాయర్‌లోకి పోతుంది. ఊరెళ్లినప్పుడు కేబుల్ మర్చిపోతే ఆ ఊళ్లో ఏ షాపులోనూ దొరకదు. ఇంతా చేస్తే ఆ కేబుల్‌లో ఉండేది రెండో నాలుగో తీగలు, ఒక అయస్కాంతం. కొనేముందు షాపులో ఎన్ని రోజులు వస్తుందని అడిగే బదులు, విడిగా కేబుల్ ఎంత, బ్యాటరీ పోతే మా ఊళ్లో మారుస్తారా అని అడగండి.

విజయవాడ వ్యాపారిగారూ, తుడిచాక కూడా సగంలోనే ఆగితే తప్పు వాచీదో కేబుల్‌దో తేలాలి. తెలిసినవాళ్ల కేబుల్ ఒకటి తెచ్చి పెట్టి చూడండి, మీ మోడల్‌కి సరిపోయేది ఎవరి దగ్గరైనా ఉంటే.