డిఫెన్స్‌లో కుర్రాళ్లను దింపి ఓడిపోతున్న జట్టుకు ఇంకెంత టైమ్ ఇవ్వాలి?

మీ ప్రశ్న ఇదీ: అభిమాన ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్‌లో సీనియర్లందరినీ పంపేసి ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లను దింపింది, మ్యాచ్‌కి మూడేసి గోల్స్ పడుతున్నాయి, ఓపిక పట్టాలా, కోచ్‌ని మార్చమని గోల చెయ్యాలా?

నేను పన్నెండేళ్లు సెంటర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్‌గా ఆడాను. పెద్ద లెవెలేం కాదు. వారమంతా ఉద్యోగాలు చేసుకుని ఆదివారం బూట్లు కట్టుకునేవాళ్ల క్లబ్. కానీ మీరడిగిన పరిస్థితి నా నెత్తిమీదే జరిగింది. అందుకే ముందే చెప్పేస్తున్నా, తప్పు కుర్రాళ్లది కాదు. సగం కోచ్‌ది. మిగతా సగం ఎవరిదో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఆ సీజన్‌కి ముందు మా కోచ్ గారికి జట్టును కొత్తరక్తంతో నింపాలనిపించింది. రైట్ బ్యాక్, లెఫ్ట్ బ్యాక్, నా పక్కన తొమ్మిదేళ్లు ఆడిన సెంటర్ బ్యాక్, ముగ్గురినీ ఒక్క దెబ్బతో తీసేశారు. గోల్‌కీపర్ మోకాలి ఆపరేషన్‌తో తనంతట తనే తప్పుకున్నాడు. వాళ్ల చోట పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు వచ్చారు. "నువ్వుండు, పిల్లలకు తోడుగా ఉంటుంది" అని నన్నొక్కణ్ణి ఉంచారు. ముప్పై నాలుగేళ్లకే ఇంటికి కాపలా ఉండే పెద్దాయన హోదా వచ్చేసింది నాకు.

పిల్లలు తక్కువవాళ్లేం కాదు. పరుగు పందెం పెడితే నాకు కనిపించేది వాళ్ల వీపులే. గాల్లోకి లేస్తే నా భుజం వాళ్ల మోకాలి దగ్గరుండేది. అయినా మొదటి ఆరు మ్యాచుల్లో ఒకటి గెలిచాం, ఒకటి డ్రా, నాలుగు ఓడాం. ఇక ఏడోది.

అరవయ్యో నిమిషం దాకా 1-0తో మేమే ముందున్నాం. మైదానం అంతా బురద. అవతలి మిడ్‌ఫీల్డర్ తల పైకెత్తి మా డిఫెండర్ల మధ్యలోంచి త్రూ పాస్ వెయ్యబోతున్నాడని నాకు అర్థమైంది. చెయ్యెత్తాను. తొమ్మిదేళ్లుగా నేను చెయ్యెత్తితే నా జోడీకి ఒకటే అర్థం: లైన్ ముందుకి, ఆఫ్‌సైడ్‌లో పట్టేద్దాం. (పాస్ వేసే క్షణానికి వాళ్ల ఫార్వర్డ్ మా డిఫెండర్లందరినీ దాటి గోల్ వైపు ఉంటే ఆ బంతి వాడికి చెల్లదు, అదే ఆఫ్‌సైడ్.) నోరు తెరవాల్సిన పనే ఉండేది కాదు. చెయ్యెత్తి నాలుగడుగులు ముందుకేశాను. రైట్ బ్యాక్, పక్కన కొత్త సెంటర్ బ్యాక్ నన్ను చూసి ఎలాగో కదిలారు. లెఫ్ట్ బ్యాక్ కుర్రాడు మాత్రం కదల్లేదు. నేను ఆఫ్‌సైడ్ అడుగుతున్నాననుకున్నాడు. పాపం వాడూ చెయ్యెత్తాడు. లైన్‌మన్ వైపు తిరిగి, చెయ్యి పైకి పెట్టి, అక్కడే నిలబడిపోయాడు. వాడు అక్కడ నిలబడ్డాడు కాబట్టే వాళ్ల ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ కాలేదు.

ఎవరో తీసిన ఫొటో ఇప్పటికీ మా గ్రూపులో తిరుగుతుంటుంది. నేనూ వాడూ చెరో పక్క చెయ్యెత్తి ఉంటాం, క్లాసులో 'ప్రెజెంట్ సార్' అన్నట్టు. మా ఇద్దరి మధ్యలోంచి వాళ్ల ఫార్వర్డ్ తీరిగ్గా గోల్ వైపు వెళ్తుంటాడు.

ఆ తర్వాత మాది గాలి తీసిన బెలూన్. రెండో గోల్‌కి బంతి కీపర్‌కీ సెంటర్ బ్యాక్‌కీ మధ్య పడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, 'నాది' అన్న మాట ఎవరి నోటా రాలేదు. మూడోది కార్నర్, నాలుగోది పెనాల్టీ. 1-4. మొదటి గోల్ పడ్డప్పుడే ఆ లెఫ్ట్ బ్యాక్‌ని నేను పదిమందిలో నానా మాటలూ అన్నాను. మిగతా అరగంట వాడు బంతి తన దగ్గరికి రాకూడదని దేవుడికి మొక్కుకుంటూ ఆడాడు, మొహంలోనే తెలిసిపోయింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో వాడు సాక్స్ విప్పుకుంటూ, తల దించుకునే అడిగాడు. "అన్నా, మీరు చెయ్యెత్తితే మేం ఏం చెయ్యాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఆరు వారాల ప్రాక్టీస్, ఏడు మ్యాచ్‌లు అయ్యాక అడుగుతున్నాడు. చెప్పాల్సింది నేను, చెప్పలేదు. మర్చిపోయి కాదు. నా జోడీని తీసేశారన్న కడుపుమంటతో. ఈ పిల్లకాయలు ఏం ఊడబొడుస్తారో చూద్దాం అని లోపల ఓ మూల అనుకుంటూనే ఉన్నాను. మిగతా సగం తప్పు ఎవరిదని అడిగితే, అదీ.

కాబట్టి నా సిద్ధాంతం ఇది. డిఫెన్స్ అంటే కాళ్లు కాదు, నోరు. నలుగురు పాతవాళ్లు కలిసి వెళ్లిపోతే పోయేది వేగమో బలమో కాదు, వాళ్ల మధ్య ఏళ్ల తరబడి పేరుకున్న మాటలూ సైగలూ. కొత్తవాళ్లకు అవి పెట్టుబడిగా రావు, మొదట్నుంచీ కూడబెట్టుకోవాల్సిందే. ఫార్వర్డ్‌ల సంగతి వేరు. ఫార్వర్డ్ కుర్రాణ్ణి డెబ్బయ్యో నిమిషంలో దింపి 'పోయి ఆడుకో' అనొచ్చు. పది అవకాశాల్లో తొమ్మిది పోగొట్టినా పదోది కొడితే హీరో. డిఫెండర్ తొమ్మిది ఆపి పదోది వదిలితే రాత్రంతా టీవీలో అదే క్లిప్పు, వాడి మొహం చుట్టూ ఎర్ర గుండ్రం.

దీని గురించి మాట్లాడితే ప్రతివాడూ 1995 తీసుకొస్తాడు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడితే, పిల్లలతో ఏమీ గెలవలేరని టీవీలో మాజీ డిఫెండర్ అలన్ హాన్సెన్ తేల్చేశాడు. ఆ పిల్లలే ఆ ఏడు లీగూ ఎఫ్.ఎ. కప్పూ రెండూ గెలిచారు. బాగానే ఉంది. కానీ ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆడింది ముందువైపు. వెనకాల ఎవరున్నారో చూడండి. గోల్‌లో ష్మైకేల్, ముందు బ్రూస్, పాలిస్టర్, అర్విన్. అంతా ముప్పై దగ్గరపడ్డవాళ్లో దాటినవాళ్లో. నెవిల్ అన్నదమ్ములు డిఫెన్స్‌లో కుర్రాళ్లే, కాదనను. కానీ వాళ్ల చెవిలో అరవడానికి పక్కన మనుషులున్నారు. ఇటలీ క్లబ్ మిలాన్ కథా అంతే. 1987-88లో ముప్పై మ్యాచుల్లో 14 గోల్సే ఇచ్చి లీగ్ గెలిచినప్పుడు మాల్డినికి పంతొమ్మిదేళ్లు. అందరూ మాల్డిని వయసు చెబుతారు, అదే వరసలో ఇరవై ఏడేళ్ల బరేసి ఉన్నాడని మాత్రం చెప్పరు.

పక్కన పెద్ద నోరు లేకపోతే ఏమవుతుందో 2011 ఆగస్టులో లండన్ క్లబ్ ఆర్సెనల్‌కి తెలిసింది. యునైటెడ్ చేతిలో 8-2. రైట్ బ్యాక్ జెన్కిన్‌సన్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్లు, ఆ మ్యాచ్‌లోనే రెడ్ కార్డ్ కూడా తిన్నాడు. మూడు రోజుల్లోనే పరుగున వెళ్లి జర్మన్ సెంటర్ బ్యాక్ మెర్టెసాకర్‌ని తెచ్చుకున్నారు. అతను నడిస్తే నాకంటే నెమ్మదిగా ఉంటాడు, అయినా ఆ సీజన్ మూడో స్థానంలో ముగించారు. వేగం కొనలేదు, అనుభవం కొన్నారు. (అదొక్కటే కారణం కాదని ఆర్సెనల్ అభిమానులు కింద కామెంట్ పెడతారు, పెట్టుకోండి.)

ఇంకో ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పేస్తా. ఈ 'వెనకనుంచి పాసులు కట్టుకుంటూ రావాలి' అనే పిచ్చి. 2019లో రూల్ మార్చి, కీపర్ కొట్టే గోల్ కిక్‌ని సొంత జట్టువాళ్లు పెనాల్టీ బాక్స్ లోపలే అందుకోవచ్చన్నారు. అప్పట్నుంచి ఊరూ పేరూ లేని జట్లు కూడా కీపర్ పక్కన ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టి చిన్న పాసులు ఆడిస్తున్నాయి. బాగా ఆడేవాళ్లు ఆడితే అందంగానే ఉంటుంది. నిన్నగాక మొన్న జట్టులోకి వచ్చినవాణ్ణి గోల్ ముందు నిలబెట్టి, ముగ్గురు మీదికి ఉరుకుతుంటే పక్కవాడికి పాస్ ఇవ్వమనడం మాత్రం ఈత రానివాణ్ణి నడి బావిలోకి తోసి స్టైల్ నేర్పడమే. మా కోచ్ గారూ అదే చేశారు. సీజన్‌లో మేం ఇచ్చిన గోల్స్‌లో కనీసం ఎనిమిది ఆ సరదా ఖాతాలోవే. కిక్ కొట్టి మైదానం బయట పడెయ్యడం తప్పు కాదని పిల్లలకు చెప్పినవాడు లేడు.

సరే, మా సంగతికొస్తా. 1-4తో ఓడిన ఆ రాత్రే నా పాత జోడీకి ఫోన్ చేశాను. పావుగంట కోచ్‌ని తిట్టాడు, తిట్టనిచ్చాను. మంగళవారం ప్రాక్టీస్‌కి వచ్చి గోల్ వెనకాల నిలబడ్డాడు. మా సైగలు లెక్కపెట్టి చూస్తే పదకొండు తేలాయి. అన్నీ విప్పి చెప్పాం. తర్వాత ఒక నియమం పెట్టాం: ప్రాక్టీస్‌లో నేను నోరెత్తకూడదు, పిల్లలే అరవాలి. ఎవరూ అరవకుండా బంతి బాక్స్‌లో పడితే అందరికీ గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్. మొదటి రోజు పద్నాలుగు రౌండ్లు కొట్టాం. నాకు ప్రాణం పోయింది.

అప్పుడు తెలిసింది అసలు ఇబ్బంది. వాళ్లకు నోరు లేక కాదు, మొహమాటం. సెంటర్ బ్యాక్ కుర్రాడు "అన్నా, కొంచెం వెనక్కి రండి" అనేవాడు. మర్యాదగా, పూర్తి వాక్యం. ఆ వాక్యం అయ్యేసరికి బంతి వలలో ఉండేది. పదహారేళ్లు చిన్నవాడు పెద్దవాడి మీద అరవాలంటే గొంతు పెగలదు మరి. మైదానంలో అన్నలూ తమ్ముళ్లూ లేరు, 'మీరు'లు లేవు, 'పో, రా, ఆగు, వదిలెయ్' తప్ప ఇంకో మాట వినిపించకూడదని ఖరాఖండీగా చెప్పాం. అయినా ఇంకో నెల పట్టింది. ఆ నెలలో మళ్లీ రెండు ఓడాం, కానీ 1-2, 0-1. కోచ్ గారు స్కోర్ చూసి టెన్షన్ పడుతుంటే, నేను అరుపులు లెక్కపెట్టుకుంటున్నాను.

కాబట్టి మీకు నా జవాబు: నెలల లెక్క అడక్కండి. ఈసారి స్టేడియానికి వెళ్తే అవతలివాళ్ల కార్నర్‌కి బంతిని చూడటం మానేసి మీ డిఫెండర్ల నోళ్లు చూడండి. కదులుతుంటే ఓపిక పట్టండి. మూసుకుని ఉంటే, నలుగురిలో ఒక్క ముసలాణ్ణయినా వెనక్కి తీసుకురమ్మని గోల చెయ్యండి. కోచ్‌ని మార్చినందువల్ల నోళ్లు రావు. 2020-21లో లివర్‌పూల్ చూశారుగా. అంతకు ముందు సీజన్ ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్లు. సెంటర్ బ్యాక్‌లు వాన్ డైక్, గోమెజ్, మాటిప్ ముగ్గురూ గాయాలతో పోయేసరికి సొంత మైదానంలో వరుసగా ఆరు ఓడారు. వాళ్ల చోట ఎవరికీ తెలియని ఫిలిప్స్, ఇరవై ఏళ్ల రీస్ విలియమ్స్ సీజన్ చివర్లో సర్దుకున్నారు, ఆఖరి పది లీగ్ మ్యాచుల్లో ఓటమి లేకుండా మూడో స్థానానికి వచ్చారు. మధ్యలో ఒక మ్యాచ్‌లో కీపర్ అలిసన్ అవతలి గోల్ దాకా వెళ్లి తలతో గోల్ కొట్టాల్సొచ్చింది, అది వేరే సంగతి.

మేం కప్పులేం గెలవలేదు. కింది నుంచి మూడో స్థానం, డివిజన్ నిలబెట్టుకున్నాం. ఆఖరి మ్యాచ్ ఎనభయ్యో నిమిషంలో నేను కార్నర్‌కి ముందుకెళ్లి, తిరిగి రాలేక మధ్య గీత దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాను. వెనకనుంచి ఆ లెఫ్ట్ బ్యాక్ గొంతు, మైదానం దద్దరిల్లేలా: "పోరా వెనక్కి! నిద్రపోతున్నావా!" పోయాను. వాడు చెయ్యెత్తాడు, నలుగురం కలిసి నాలుగడుగులు ముందుకేశాం, లైన్‌మన్ జెండా లేచింది.

విజిల్ వేశాక వాడు పరుగున వచ్చి "సారీ అన్నా, 'రా' అనేశాను మిమ్మల్ని" అన్నాడు. ఫర్వాలేదన్నాను. తర్వాతి సీజన్ కోచ్ గారు నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఇక పిల్లలకు తోడు అక్కర్లేదట. ఆ కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.